సందూరు కొండసీమ: తొలి నివాసులు, దేవాలయములు, క్రైస్తవ సంఘములు, పరిశ్రమలు

బళ్లారి పట్టణమునుండి హోసపేటకు పోవు త్రోవలో ప్రయాణించువారికి ఎడమచేతివైపున ఎఱ్ఱని మన్ను కప్పుకొన్న కొండలబారు చాల దూరము తోడుగా వచ్చును. అదియే సందూరు కొండల వరుస. నిజమునకు అది ఒక వరుస కాదు. వాయవ్యమునుండి ఆగ్నేయమునకు ఇంచుమించు సమముగా సాగిన రెండు వరుసలు, వాని నడుమ ఒక లోయ, ఆ లోయలో సందూరు పట్టణమును గలవు. నారిహళ్ల అను చిన్నయేరు ఈ కొండలను చీల్చికొని పాఱుచున్నది. ఆ చీలికలకు భీమగండి, ఓబళగండి అని పేరులు. గండి యను మాట తెలుగువారిదా కన్నడమువారిదా యని విచారించినచో తగవు తెగదు; ఇరువురును దానిని తమదిగనే వాడుదురు. ఈ సీమ చరిత్ర యంతయు ఇట్టిదే.

1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడు సమయమున బళ్లారి ఎవరిదను వివాదము తీవ్రముగా జరిగినది. ఆనాడు ఉభయపక్షములవారును శాసనములను, జనాభా లెక్కలను, గ్రామనామములను ముందు పెట్టుకొని తామే ఆదివాసులమని వాదించిరి. ఆ వాదమున మాటలాడిన వారిలో చాలమంది తాలూకా కచేరీల పరిధులను చూచిరే గాని కొండలవైపు కన్నెత్తి చూడలేదు. కొండలవద్దకు పోయి చూచినచో, ఈ సీమకు వచ్చిన ప్రతి జనసముదాయమును భాషకొరకు గాక రాతికొరకో, ఇనుమునకో, పచ్చికకో, నల్లరేగడికో వచ్చినట్లు తేటపడును. కావున ఎవరు ఎప్పుడు ఏ పనిమీద వచ్చిరను క్రమమున ఈ చరిత్రను చూచుట మేలు.

బళ్లారికి ఈశాన్యమున కొలది మైళ్ల దూరమున సంగనకల్లు, కుప్పగల్లు గ్రామముల నడుమ కొన్ని బోడికొండలు గలవు. అందు హిరేగుడ్డ యను కొండపై నల్లని డోలరైటు రాయి గోడవలె గ్రానైటును చీల్చుకొని పైకి వచ్చినది. నేటికి అయిదు వేల యేండ్ల క్రిందట నివసించిన జనులు ఆ రాతిని విఱిచి, చెక్కి, అరగదీసి గొడ్డండ్లు చేసిరి. భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్టు బ్రూస్ ఫుట్ 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ఇచటి రాతిపెళ్లల రాశులను చూచి, ఇది ఒక ఇంటివారి పని గాదనియు, పెద్ద కార్ఖానా యనియు గుర్తించెను. తరువాత ఇచట శాస్త్రీయముగా త్రవ్వకములు జరిపినవారు తెలుగువారైన బెండపూడి సుబ్బారావుగారు. డెక్కను కళాశాలలో సాంకలియాగారి శిష్యులైన వీరి పరిశోధనవలన బళ్లారి రాతియుగ సంస్కృతులు పండితలోకమునకు పరిచితము లయ్యెను. ఈ జనులు తిన్న ధాన్యముల మసిగింజలను తరువాతి పరిశోధకులు వేఱుపఱచి చూడగా ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱలు తేలినవి. రాయలసీమ రైతు నేటికిని విడువని ఉలవ ఆనాటిదే! జిల్లాలో మొట్టమొదటి పరిశ్రమ ఏదియని అడిగినచో ఇనుము అని గాని ప్రత్తి యని గాని చెప్పరాదు. రాతిగొడ్డలి యని చెప్పవలెను.

ఇదే కాలపు జనులు మిగిల్చిన బూడిద దిబ్బలు ఇంకను విచిత్రమైనవి. హోసపేట త్రోవలో కుడితిని దాటిన పిమ్మట కొండసందున ఒక పెద్ద దిబ్బ యున్నది. దాని తావును బూడిదకనమ యందురు. కనమ యనగా తెలుగున కొండదారి. బాటసారులు దీనిని రాక్షసులు యజ్ఞము చేసిన తావని చెప్పుకొనిరి. హంపికి దగ్గఱనున్న నింబాపురపు దిబ్బను వాలిని దహించిన చితియని చెప్పుకొందురు. న్యూబోల్డు అను సైనికోద్యోగి 19వ శతాబ్ది పూర్వార్ధమున వీనిని గూర్చి వ్రాసినది మొదలు, ఇవి లోహము కరగించిన కిట్టమా, అగ్నిపర్వతపు బూడిదయా, నరమేధపు గుఱుతులా యని అనేక ఊహలు బయలుదేరినవి. 1957లో మహబూబునగరము జిల్లా ఉట్నూరులో త్రవ్విన ఆల్చిన్ పండితుడు అవి పశువుల దొడ్లలో పేరుకొన్న పేడను మరలమరల కాల్చగా ఏర్పడిన దిబ్బలని నిరూపించెను. అనగా ఈ సీమకు తొలుత వచ్చినవారు గొడ్లకాపరులు. వారు ఏ భాష మాటలాడిరో బూడిద చెప్పజాలదు.

చారిత్రకయుగమున మొదటి లిఖితసాక్ష్యము సిరుగుప్ప తాలూకాలోని నిట్టూరు, ఉడేగోళము శాసనములు. అశోక చక్రవర్తి తన స్వనామమును చెక్కించిన శాసనములు దేశము మొత్తమున వ్రేళ్లపై లెక్కింపదగినవి. మస్కి, గుజర్రాలతోపాటు ఈ రెండును వానిలో చేరినవి. వీని భాష ప్రాకృతము. తెలుగు కన్నడముల తగవులో ఇవి ఇరుపక్షములకును సాయపడవు.

కొండమీదికి దేవుడు వచ్చినది తరువాత. సందూరునకు దక్షిణమున స్వామిమలైపై అడవినడుమ రెండు ప్రాచీనాలయములు గలవు. పార్వతీదేవి గుడి బాదామి చాళుక్యుల కాలమునాటిది. దాని ప్రక్కనున్న కుమారస్వామి ఆలయము రాష్ట్రకూటులనాటిది. ఈ కొండకు లోహాచలమని సంస్కృత నామము. తారకాసురుని కుమారస్వామి వధించిన చోటు ఇదియే యని స్థలపురాణము. కథ యెట్లున్నను, పేరు పెట్టిన పూర్వులకు కొండలో ఇనుమున్న సంగతి తెలియునని స్పష్టము. కొండపై దొరకు తెల్లని మెత్తని మన్నును యాత్రికులు విభూతిగా తెచ్చుకొనెడివారు. లోహమును, విభూతిని ఒకే కొండ ఇచ్చుటవలన కమ్మరికిని భక్తునికిని అది సమానముగా పూజ్యమైనది.

విజయనగర సామ్రాజ్యమునకు ఈ కొండలు పెరటిగోడవంటివి. హంపి ఇచటికి సమీపముననే యున్నది. రాజధానికి ధాన్యము, సైనికులు, రాతిపనివారు కావలసివచ్చిరి. తెలుగుసీమనుండి బోయలు, రెడ్లు, బలిజలు, కోమట్లు, చెఱువు పనిలో ఆఱితేఱిన ఒడ్డెలు, ఉప్పరులు ఈవైపు వచ్చి నిలిచిరి. ఎవరు ఏ సంవత్సరమున వచ్చిరని చెప్ప వీలులేదు. ఆ వలస ఒకనాటిది కాదు, తరములతరబడి సాగినది. నల్లరేగడిని దున్నుటకు ఆఱేడు జతల యెడ్లు పూన్చిన పెద్దమడకలు ఈ సీమ సేద్యమునకు గుఱుతు. భూమిలో లోతుగా పాతుకొన్న తుంగగడ్డిని పెకలించుటకు చిన్న నాగళ్లు చాలవు గదా! కన్నడము మాటలాడు కురుబలు, లింగాయతులు వీరి ప్రక్కనే పొలములు చేసిరి. ఒక యింట తెలుగు, వీథిలో కన్నడము అను అలవాటు అప్పుడే ఏర్పడియుండును.

సామ్రాజ్యము కూలిన పిమ్మట కొండలు పాళెగాండ్ర చేతికి వచ్చెను. సందూరు లోయ జరిమలె బోయనాయకుల యేలుబడిలో నుండగా 18వ శతాబ్ది పూర్వార్ధమున ఘోర్పడే వంశపు మరాఠాసర్దారులు దానిని పట్టుకొనిరి. గుత్తి మురారిరావు ఈ వంశపువాడే. 1776లో గుత్తి హైదరాలీ వశమగుటతో సందూరును చేతులు మాఱినది. 1800లో నిజాము దత్తమండలములను ఇంగ్లీషువారికిచ్చెను. వాని ప్రథమ కలెక్టరగు థామస్ మన్రో 1807 వరకు బళ్లారి, అనంతపురము, కడప, కర్నూలు సీమలలో పాళెగాండ్రను అణచి రైత్వారీ పైమాయిషీ సాగించెను. ఆ మన్రోయే పీష్వా కోరికపై 1817లో సైన్యముతో వచ్చి సందూరును శివరావు ఘోర్పడేనుండి గైకొనెను. మఱుసటి యేడే అది శివరావునకు మరల దక్కినది. 1826లో సనదు లభించినది. నాటినుండి 1949 వరకు చుట్టును మద్రాసు రాష్ట్రముండగా నడుమ ఈ చిన్న సంస్థానము ద్వీపమువలె నిలిచినది.

ఈ సంస్థానమునందు జరిగిన ఒక పని ప్రత్యేకముగా స్మరింపదగినది. 1932లో రాజు యశ్వంతరావు ఘోర్పడే కుమారస్వామి ఆలయమును హరిజనులకు తెఱపించెను. తిరువాన్కూరు ఆలయప్రవేశ ప్రకటనకు ఇది నాలుగేండ్లు ముందు. తిరువాన్కూరు సంగతి పాఠశాల పుస్తకములలో చదువుచున్న మనవారిలో సందూరు సంగతి ఎఱిగినవారు కొలదిమంది.

క్రైస్తవ సంఘముల చరిత్ర కొండమీద గాక బళ్లారి కోటనీడన ప్రారంభమైనది. కోటలోని తెల్లసైనికులకు మతగురువు లుండిరి గాని వారు జనులలోనికి రాలేదు. 1810లో లండను మిషనరీ సంఘమునకు చెందిన జాన్ హ్యాండ్స్ బళ్లారి చేరెను. ఆతడు తొలుత పోదలచినది శ్రీరంగపట్టణమునకు. అనుమతి దొరకక బళ్లారిలో నిలిచిపోయెను. అట్లు అనుకోని మజిలీయే కన్నడ వాఙ్మయమునకు ఒక మేలు చేకూర్చినది: ఆతడు కన్నడము నేర్చి బైబిలును ఆ భాషలోనికి తెచ్చెను, సంపూర్ణగ్రంథము 1831 నాటికి వెలువడినది. ఆతని సహచరుడు విలియం రీవు రచించిన కన్నడ ఇంగ్లీషు నిఘంటువు 1832లో వెలువడినది. ఈ దేశపువాడైన శామ్యూల్ ఫ్లావెల్ బోధకుడై 1847లో మరణించువఱకు బళ్లారి సంఘమును నడిపెను.

తెలుగువారికి ఈ మిషనుతో గల బంధము సామాన్యముగా ఎవరును చెప్పరు. 1805లోనే ఇదే సంఘమువారు విశాఖపట్టణమున తెలుగుమిషను నెలకొల్పియుండిరి. బళ్లారిలో సర్వే పనిలోనుండిన విలియం హోవెల్ మిషనులో చేరి 1822లో కడపకు పోయెను. కడప మిషను అట్లు బళ్లారినుండి మొలిచిన పిలక. 1846లో బళ్లారిలో పాఠశాల స్థాపించిన జె. ఎస్. వార్డ్‌లా తరువాత విశాఖపట్టణమునకు పోయి, జాన్ హేతో కలిసి తెలుగు బైబిలు సవరణలో పాల్గొనెను. కన్నడ బైబిలు పుట్టిన ఊరిలో పనిచేసినవాడే తెలుగు బైబిలును దిద్దినవారిలో ఒకడగుట గమనింపదగినది. వార్డ్‌లా పాఠశాల హిందూ ముస్లిము క్రైస్తవ భేదము లేక ఇంగ్లీషు చదువు చెప్పి బళ్లారికి వకీళ్లను, గుమాస్తాలను, ఉపాధ్యాయులను తయారుచేసినది. మతము మార్చుకొన్నవారికంటె చదువు పుచ్చుకొన్నవారే పెక్కుమంది. ఆ ఇంగ్లీషు చదువు పట్టణమున వ్యాపించిన కాలముననే ధర్మవరము కృష్ణమాచార్యులుగారి సరసవినోదినీసభ, కోలాచలము శ్రీనివాసరావుగారి నాటకములు, పిమ్మట బళ్లారి రాఘవగారి అభినయము వెలసినవి. తెలుగు నాటకరంగమునకు బళ్లారి చేసిన సేవ వేఱొక వ్యాసమునకు తగినది.

1876-78 నాటి ధాతుకఱవు బళ్లారిని పీల్చివైచినది. 1871, 1881 జనాభా లెక్కల నడుమ జిల్లా సుమారు అయిదింట ఒకవంతు జనమును కోల్పోయెను. ఊళ్లు పాడువడినవి, మగ్గములు మూలపడినవి, మిగిలినవారు రైలుపనులకు, రోడ్డుపనులకు కూలికి పోయిరి. 1947లో లండను మిషను సంఘములు దక్షిణ ఇండియా సంఘమున కలిసినవి. రోమను కథోలిక సంఘమునకు 1949లో బళ్లారి ప్రత్యేక మేత్రాసనమైనది.

ఇక ఇనుము. తెల్లవారు రాకపూర్వమే కొండ అంచున కమ్మరులు మట్టికొలుములలో బొగ్గుతో సందూరు రాతిని కరగించెడివారు. హంపి ప్రక్కనున్న కమలాపురము చెఱకురసము కాచు ఇనుపబానలకు పేరుమోసినది. 19వ శతాబ్దిలో రైలుపై సీమయినుము చవుకగా దిగుటతో కొలుములు ఒక్కొక్కటే ఆఱిపోయినవి. అడవిపై ఆంక్షలు పెట్టుటవలన బొగ్గు దొరకుటయు కష్టమైనది. కొంతకాలము కమలాపురపు కమ్మరులు అదే సీమయినుమును కొని బానలు చేసిరి! ఇనుపకొండ క్రింద కూర్చుండి దూరదేశపు ఇనుమును కొనవలసిరావడము ఆ కాలపు వర్తకపు చమత్కారము.

ఆ రైలే మఱొకవైపునుండి కొండకు గిరాకి తెచ్చినది. 1871లో గుంతకల్లునుండి బళ్లారికి, 1884లో హోసపేటకు దారి పడినది; అటుపిమ్మట పడమటిసముద్రమున మార్మగోవా రేవువఱకు లంకె కుదిరినది. బ్రూస్ ఫుట్ 1895లో ప్రకటించిన బళ్లారి జిల్లా భూగర్భ వివరణము సందూరు ఖనిజముల సంపదను తెలిపెను. 1907లో జనరల్ సందూరు మైనింగు కంపెనీ మాంగనీసు త్రవ్వకము చేపట్టినది. ఉక్కునకు గట్టితనమిచ్చు మాంగనీసు రాయి ఇచటినుండి రేవునకు, రేవునుండి ఐరోపా కొలుములకు పోయెను. ఒకప్పుడు బళ్లారి సైనికులు గాలిమార్పునకు పోయెడు రామదుర్గము (సుమారు 3,200 అడుగుల ఎత్తు, 1846లో ఆరోగ్యధామము నెలకొల్పబడినది) దొరలకు పనికిరాని చోటైనది, దాని చుట్టుపట్ల ఖనిజపు రాళ్లు పనికివచ్చెను.

గనులపని మొదట చేతిపని. పురుషులు గునపములతో రాయి ఊడ్చిన, స్త్రీలు సుత్తులతో పగులగొట్టి మంచిరాయిని ఏఱి తట్టలకెత్తిరి. ఈ కూలిజనములో సమీపగ్రామముల బోయలు, మాలమాదిగలు, లంబాడీలు అధికము. 1949 ఏప్రిలు 1న సంస్థానము మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలో విలీనమైనది. 1954లో ఘోర్పడే కుటుంబమువారు సందూరు మాంగనీసు, ఇనుపఖనిజముల కంపెనీని స్థాపించి దేవగిరిని కేంద్రముగా చేసికొనిరి. రాజులు పారిశ్రామికులైరి, వారిలో ఎం. వై. ఘోర్పడే తరువాత కర్ణాటక ఆర్థికమంత్రియు నయ్యెను.

ఈ నడుమనే సరిహద్దు గీత పడెను. న్యాయమూర్తి వాంఛూ నివేదిక, పిమ్మట న్యాయమూర్తి మిశ్రా నివేదిక ననుసరించి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు, బళ్లారి సందూరులతో కూడిన తక్కినవి మైసూరునకు 1953 అక్టోబరు 1న చెందినవి. అదే సంవత్సరము జులై 1న తుంగభద్ర కాలువలకు నీరు వదలబడెను. గీత తెలుగువారిని వేఱుచేయగా నీరు వారిని మరల తెచ్చెను! కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములనుండి రైతులు తమ మాగాణి అమ్ముకొని సిరుగుప్ప, గంగావతి, సింధనూరు ప్రాంతములలో చవుకగా మెట్టభూములు కొని వరిమళ్లు చేసిరి. వారి పల్లెలకు క్యాంపులని పేరు. కోస్తా తెలుగువారు రేగడిలో వరి పండించి సిరిసంపదలు గడించిరనుట నిజము. ప్రక్కనే తరతరములుగా జొన్న పండించిన తెలుగు కన్నడ రైతులు పెక్కుమంది ఆ పొలములనే అమ్ముకొని కూలివారైరనుటయు నిజమే. మొదటిదానిని మాత్రమే చెప్పుకొనుట తగదు.

1977లో దోణిమలై వద్ద జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ పెద్దయంత్రములతో ఇనుపఖనిజము త్రవ్వసాగెను. విజయనగర ఉక్కు కర్మాగారమునకు 1971లో ఇందిరాగాంధి శంకుస్థాపన చేసినను, తోరణగల్లున ఉక్కు పుట్టుటకు మఱి రెండు దశాబ్దములు దాటవలసివచ్చినది. 1994లో స్థాపితమైన జిందాల్ సంస్థ ఆ పని నెఱవేర్చెను. 2000 తరువాత చీనాదేశపు గిరాకివలన ఖనిజపు ధర ఒక్కసారి పెరుగగా కొండలకు లారీలు చీమలబారులవలె వచ్చినవి. రోడ్లపై ఎఱ్ఱదుమ్ము, పొలములపై ఎఱ్ఱదుమ్ము, జొన్నకంకులపై ఎఱ్ఱదుమ్ము. కర్ణాటక లోకాయుక్త నివేదికలు 2008లోను 2011లోను వెలువడినవి. 2011 జులై 29న సర్వోన్నత న్యాయస్థానము బళ్లారి జిల్లాలో గనులను నిలిపివేసెను. 2013 ఏప్రిలులో నియమములతో మరల అనుమతించుచు, జిల్లానుండి యేటికి 2.5 కోట్ల టన్నులకు మించి తీయరాదని పరిమితి విధించెను. గనులు మూతపడిన ఆ దినములలో లారీలు అప్పుచేసి కొన్నవారు, గనుల కూలిపై బ్రదికినవారు నష్టపడిరి. కొండయంచు రైతులకు మాత్రము పంటపై దుమ్ము తగ్గినది.

1953 నాటి గీత ఈ కాలమున మఱొక రూపమున ముందుకు వచ్చినది. సందూరు కొండల తూర్పుకొస అనంతపురము జిల్లా డి. హీరేహాళ్ మండలపు ఓబుళాపురము వద్ద ఆంధ్రములోనికి చొచ్చియున్నది. రెండు రాష్ట్రముల నడుమ పాతిన గుఱుతుఱాళ్లు చెఱిపివేయబడినవను వివాదము న్యాయస్థానములకు ఎక్కినది. భారత సర్వే శాఖ మరల కొలువవలసి వచ్చినది. భాషకొఱకు గీచిన గీతకు ఖనిజము వెలకట్టినది. ఆనాటి వాదులలో ఒక్కరును దీనిని ఊహింపలేదు.

కొండసీమలో త్రవ్వకముతో సంబంధములేని పరిశ్రమయు ఒకటి గలదు. సందూరు తండాల లంబాడీస్త్రీలు గవ్వలు, అద్దములు, రంగుదారములతో కుట్టు బట్టల పనికి 1984లో ఏర్పడిన సందూరు కుశలకలా కేంద్రము అంగడి చూపినది. 2010లో ఆ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు లభించినది. గనిలో తట్ట మోసిన చేతులకు ఇంటిపట్టున కూర్చుండి చేసికొను పని దొరకుట చిన్నసంగతి గాదు.

సంగనకల్లు రాతిగొడ్డండ్లు నేడు బళ్లారిలో బ్రూస్ ఫుట్ పేరిట వెలసిన వస్తుప్రదర్శనశాలలో చూడవచ్చును. స్వామిమలై అడవి యింకను నిలిచియున్నది, కాని దాని భాగ్యము తేలలేదు. అచటి దేవదారి గనికొఱకు సుమారు 400 హెక్టార్ల అడవిని కుద్రేముఖ ఇనుపఖనిజ సంస్థకు అప్పగించు విషయమున 2024లో కేంద్ర రాష్ట్రములకు వివాదము వచ్చినది. భూమిని అప్పగింపరాదని కర్ణాటక అటవీమంత్రి ఆ యేటి జూనులో తన శాఖవారిని ఆదేశించెను. ఆ అడవిలోనే కుమారస్వామి కొండకు పోవు పాతత్రోవలున్నవి.